తాలు

పదిహేడేళ్ళుగా నా పని ఒకటే.
కుప్పలోంచి తెల్లబడ్డ కాయను ఏరి
పక్కన పారేయడం.
ఎర్రకాయకు ఒక రేటు, తాలుకు ఒక రేటు.
పోయిన సీజన్లో ఒక పొద్దున
నా వేలి కణుపు మీదే తాలు పడింది.

జాన్‌బీ ముందు చూసింది.
"సున్నమేమో, కడుక్కో" అంది.
కడిగాను. మూడు నెలలు కడుగుతూనే ఉన్నాను.

బొల్లి అన్న మాట ఎవరూ నోటితో అనలేదు.
శనివారం కూలి మాత్రం
నా చేతిలో పెట్టకుండా గోనె మీద పెట్టారు.

చేపలు తిని పెరుగు తిన్నావా అని అడిగారు.
ఆ రెండూ ఒకే పూట దొరికే ఇల్లుంటే చెప్పండి,
నేనూ వస్తా భోజనానికి.
బావంచాల నూనె రాసి ఎండలో కూచోమన్నాడు
మేస్త్రి బావమరిది.
కూచున్నాను. బొబ్బలు లేచాయి.
మర్నాడు అదే చేత్తో మిరపకాయలు.
ఆ రాత్రి సంగతి వద్దులెండి.

కొత్తపేటలో డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.
ముందు అది చెప్పుకోవాలి.
ఉత్త చేత్తో పట్టుకుంది.
చీకటి గదిలో నీలం దీపం వేస్తే
మోచేతి దగ్గర ఇంకో రెండు మెరిశాయి,
ఇంకా దారిలో ఉన్నవి.

అంటుకోదమ్మా, అంది.
ఒంట్లో కాపలావాళ్ళే పొరబడి
రంగు చేసేవాళ్ళను తరిమేస్తున్నారంది.
యార్డు గేటు దగ్గర నేను చూడనిదా!

పొద్దున ఒక పూత, రాత్రి ఒక పూత.
వారానికి రెండుసార్లు లైటు పెట్టె.
ఏడాదిపాటు మచ్చ కదలకుండా ఉంటే
తొడ మీది చర్మం గింజంత తీసి నాటొచ్చట.
నారు పీకి నాటడం నాకు చెప్పాలా?
"బతుకుతుందా?" అన్నాను.
"చాలావరకు" అంది.
విత్తనాల కొట్టువాడూ ఇంతే అంటాడు.

మే నెల. తారు కరిగి చెప్పుకు అంటుకుంటోంది.
ఇంత ఎండ ఊరికే పోసే గుంటూరులో
వెలుతురు కోసం టోకెను పట్టుకుని కూచున్నాను.
నల్ల కళ్ళద్దాలు. పెట్టె తలుపు.
మొదటిరోజు నలభై సెకన్లు.
అంతలో నేను ముప్పై కాయలకు తొడిమ తీస్తాను.

ఇరవై ఆరోసారికి
మోచేతి మచ్చలో, వెంట్రుక మొదట్లో
ఆవగింజంత చామన చుక్క.
దాని పక్కన ఇంకోటి.
వేళ్ళ చివర ఏమీ లేదు.
వెంట్రుక లేనిచోట రంగు మొలవడం కష్టమట.
డాక్టరమ్మ దాచలేదు, నేనూ ఏడవలేదు.

నిన్న కుప్పలో ఒక కాయ తగిలింది.
సగం ఎరుపు, సగం తెలుపు.
మేస్త్రి అటు తిరిగేదాకా గుప్పిట్లో ఉంచుకుని
ఎర్ర కుప్పలో వేశాను.

రేపు గురువారం. లైటుకు వెళ్ళాలి.
రెండు నిమిషాల పది సెకన్లు.