తోక ఉన్న అక్షరం

జనవరి. మధ్యాహ్నం రెండింటికే చీకటి.
ఫిన్‌మార్క్ పీఠభూమి మీద, గడ్డకట్టిన నది పక్కన
నాలుగు గదుల ఆసుపత్రి.
కౌంటర్ వెనక గుద్రూన్‌కి
పాత వెర్షన్ అంటే పాత ఉన్ని గ్లవ్వు.
చిరిగింది, నిజమే,
కానీ తన వేళ్ళ ఆకారం దానికి తెలుసు.
మూడుసార్లు ట్యాబ్, ఒకసారి ఎఫ్ సెవెన్,
కళ్ళు మూసుకుని రోగి చీటీ తీసేది.
పదమూడేళ్ళు.

అది ఎప్పుడు మొరాయిస్తుందో కూడా తెలుసు.
శుక్రవారాలు. మంచుతుఫాను రోజులు.
ఇద్దరు డాక్టర్లు ఒకే ఫైలు తెరిచినప్పుడు.
తెర తెల్లమొహం వేసేది, ఈమె కాఫీ పెట్టేది.
రెండో కప్పులోగా తేరుకుంటే
ఆ రోజు మంచిరోజే.

ఇఙ్గా అని ఒక ముసలామె.
అవును, పేరు మధ్యలో ఉన్నది మన ఙ.
క ఖ గ ఘ తర్వాత పలక మీద ఒకసారి దిద్దించి
ఆపైన బతుకంతా ఎవరూ పని చెప్పని అక్షరం.
మన దగ్గర సున్నా వచ్చి దాని కొలువు లాగేసుకుంది.
అక్కడ, సామీ వాళ్ళ భాషలో, దానికి ఇంకా రోజూ కూలి దొరుకుతుంది.
చూడ్డానికి నకారానికి తోక మొలిచినట్టుంటుంది.

ఆ తోకని ఎనిమిదో ఏట
హాస్టల్ బడిలో టీచరు కోసేసింది.
ఉత్త న పెట్టి, ఇదీ నీ పేరు అంది.
తర్వాత కంప్యూటర్ వచ్చింది.
అది మరీ నిజాయితీపరురాలు,
తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టేసింది.
ఇ?గా.

అలా ఒక మనిషి ఇద్దరైంది.
న ఉన్న ఆమెకి పెన్సిలిన్ పడదు.
ప్రశ్న ఉన్న ఆమెకి అన్నీ పడతాయి.
నవంబరులో కొత్త డాక్టరు రెండో ఆమెని తెరిచాడు.
సూది చర్మానికి బెత్తెడు దూరంలో ఉండగా
ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది.
"మీ పెట్టె మర్చిపోతే పోనీ.
నా ఒంటికి గుర్తుంది."

ఆ వారమే పై ఆఫీసు నుంచి ఆంతె వచ్చాడు,
రెండు ల్యాప్‌టాప్‌లు, సంచిలో ఎండు మాంసం.
నాలుగో వెర్షన్ నుంచి తొమ్మిదికి ఒకే దూకు.
అర్ధరాత్రి అరవై మూడు శాతం దగ్గర
పచ్చగీత కదలడం మానేసింది.
ఇద్దరూ మాట్లాడుకోలేదు.
బయట మైనస్ ముప్పై ఒకటి.
జనరేటరు ఒకసారి దగ్గింది.
అరవై నాలుగు.

తెల్లారి (అంటే గడియారంలో తెల్లారి)
కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టకముందే తెర తెరుచుకుంది.
ఇద్దరు డాక్టర్లు ఒకే ఫైల్లో పక్కపక్కనే రాసుకున్నారు.
కరెంటు పోయినా సగం రాసిన వాక్యం
సగంలోనే బుద్ధిగా కూర్చుంది.
గుద్రూన్ ముఖం ముడుచుకునే ఉంది.
బటన్లన్నీ వేరే వీధికి కాపురం మార్చేశాయి.

అప్పుడు అది తనంతట తానే అడిగింది:
ఒకే పుట్టినరోజు, ఒకే రక్తం.
ఈ ఇద్దరూ ఒకరేనా?
గుద్రూన్ అవును నొక్కింది.
ఎందుకో రెండుసార్లు నొక్కింది.

మందుల చీటీని ముసలామె
చెయ్యంత దూరం పెట్టుకుని చదివింది.
వేలితో తోకని తడిమింది, సిరా ఆరిందో లేదో చూసినట్టు.
"మా రెయిన్‌డీర్ల చెవిగాట్లు
రిజిస్టరులో ఒక్కటీ తప్పుపోలేదు ఎప్పుడూ.
మనిషి దగ్గరికొచ్చేసరికి ఇన్నాళ్ళా?"
చీటీ మడిచి గ్లవ్వులో దోపుకుని వెళ్ళిపోయింది.
థాంక్స్ చెప్పలేదు.

గుద్రూన్ వేలు ఇప్పటికీ
ఎఫ్ సెవెన్ మీదికే పోతుంది.
ఏమీ జరగదు.
అది తిరిగొస్తుందా అని ఆంతెని అడిగింది ఒకసారి.
తర్వాతి వెర్షన్‌లో చూద్దాం అన్నాడు.