అరంగుళం వదులు

పుదుపేటలో మా గోడ అవతల ధనకోటి షెడ్డు.
అతను బండ్లు విప్పుతాడు, నేను జాకెట్లు కుడతాను.
మధ్యలో ఒక్క ఇటుక వరస.
అతని సుత్తి పడ్డప్పుడల్లా
నా మిషను సూది ఒక పోగు పక్కకి పోతుంది.

మొన్న ఎండల్లో వచ్చి అడిగాడు:
"అక్కా, తెల్లదారం ఉందా, తెగనిది?"
ఇచ్చాను. దేనికో అడగలేదు.
సాయంత్రం టీ పట్టుకెళ్తే
అరవై ఏడు నాటి ఫియట్టు, మీగడ రంగుది,
కొలతలకి చేతులెత్తి నిలబడ్డ మనిషిలా ఉంది.
అటూ ఇటూ నా దారమే, బిగలాగి కట్టి.
దారానికీ చక్రం అంచుకీ మధ్య స్కేలు పెట్టి
నేలమీద బోర్లా పడుకుని చదువుతున్నాడు.
"ముందు చక్రాలు రెండు మిల్లీలు బయటికి చూడాలి.
అప్పుడే మలుపు అనగానే తిరుగుతాయి."
నా టేపు మీద మిల్లీమీటర్లు చెరిగిపోయి ఏళ్లయింది.

నెల పట్టింది.
ముందు స్ప్రింగులు చెరో సగం చుట్టు కోసేశాడు.
వెనక కమాను కట్టలు కొలిమికి పంపి
వంపు దించి తెచ్చాడు.
షాకబ్జర్లలో చిక్కటి నూనె.
ముందు చక్రాల తలలు లోపలికి వాల్చాడు,
కుళాయి దగ్గర చెవులు కొరుక్కునే ఇద్దరమ్మల్లా.

ఆఖరున పాత ఇనుప కొట్టు నుంచి నాలుగు కాటాలు.
నీళ్ల గొట్టంతో నేల మట్టం చూసి
చక్రానికొకటి.
"డ్రైవరు సీట్లో బరువుండాలి. కుముద రాలేదు.
ఇసక సంచి పెడదాం. ఎంతుంటుంది మా మేనకోడలు?"
ఆ పిల్ల రేసు దుస్తులు కుట్టింది నేను.
నడుము, భుజం, తొడచుట్టు నోటికొచ్చు.
"యాభై ఎనిమిది. హెల్మెట్టుతో అరవై."
అనుమానంగా చూస్తూనే సంచి నింపాడు.
మూలకి మూల కూడితే పదహారు కిలోల తేడా.
కుడి ముందు స్ప్రింగు కింద రేకు బిళ్ల.
తీసి, పలచనిది. తీసి, ఇంకొంచెం మందం.
సమమయ్యేసరికి రాత్రి పదకొండు,
ఎగ్మూరులో ఏదో రైలు కూసింది.

ఆదివారం ఇరుంగాట్టుకోట్టై.
మూడో చుట్టులోనే కుముద లోపలికొచ్చేసింది.
"మావయ్యా, మాట వినట్లేదు.
నేను తిప్పుతుంటే ముక్కు తిన్నగా
గడ్డిలోకి పోతానంటోంది."
ఇంకా బిగిస్తానన్నాడు ధనకోటి.
ముందు వైపు, ఒరగకుండా పట్టడానికి
అడ్డంగా వేసిన లావుపాటి కమ్మీ ఉంది.
తన చేత్తో వంచింది. షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చూపించింది.

నాకు బండి తెలీదు. చంక తెలుసు.
"ధనకోటీ, జాకెట్టు ఎంత బిర్రుగా కుట్టినా
చంకలో అరంగుళం వదలకపోతే చెయ్యి లేవదు.
లేపితే కుట్టు పిగులుతుంది."
అతను చూసిన చూపు ఇక్కడ రాయలేను.
ఒక సిగరెట్టు కాల్చాడు. ఇంకొకటి.
తర్వాత కిందికి దూరి
కమ్మీ ఒక చివర లింకు విప్పి
గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. వెచ్చగా ఉంది.

ఈసారి ఫియట్టు ఒరిగింది.
ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి,
కొంగు భుజానేసుకున్నట్టు మలుపు దాటింది.
ఎంత టైమని అడక్కండి.
స్టాప్‌వాచీ నా చేతిలోనే ఉంది.
నొక్కడం మర్చిపోయాను.

తిరుగుదారిలో వెనక సీటు నాది.
పూందమల్లి రోడ్డు, ప్రతి గుంతా
పేరు పేరునా నా వెన్నుపూసని పలకరించింది.
సాంబారు క్యారియరు మూత దాటి చీర మీదికొచ్చింది.
అద్దంలోంచి ధనకోటి:
"బాగా కుట్టానా అక్కా?"
దవడలు కొట్టుకుంటుంటే జవాబుకి
కోయంబేడు దాకా పట్టింది.
"కుట్టు బానే ఉంది నాయనా.
రేపు పొడవు కావాలంటే విప్పుకోడానికి
లోపల మడత ఉంచలేదు నువ్వు."