మూడో తరగతి గదిలో లెక్కింపు

మా ఊరు ఎటు ఓటేస్తుందో చెప్పడానికి
రాజధాని నుంచి ఎవరూ రానక్కర్లేదు.
రైలు పట్టాల మీద నిలబడి చూస్తే చాలు.

పట్టాలకి ఇవతల, చౌకు చుట్టూ,
గొర్రెల మందలున్నవాళ్లు, నోటరీలు, మందుల షాపువాళ్లు.
తెలుపు.
అవతల, మూతపడ్డ మాంసం కార్ఖానా గొట్టం నీడ
సాయంత్రం ఎంత దూరం సాగుతుందో
అంత దూరమూ మూడు రంగుల జెండా.
నది ఒడ్డున పాత మేడల్లో ఎరుపు.
విప్లవం ఎరుపు కాదు, తాతలనాటి ఎరుపు.
వెండి చెంచాలతో పాటు వాటాల్లో వచ్చేది.

పేరు చెబితే పార్టీ తెలిసిపోయే ఊరు మాది.
కొడుక్కి అపారిసియో అని పెట్టారంటే
వాడి ఓటు ఉయ్యాలలోనే పడిపోయినట్టు.
మందుల షాపు లుక్రేసియా
ఎరుపింటి పిల్ల, తెలుపింటి కోడలు.
కొత్తకాపురంలో మామగారు వంటింట్లోకొచ్చి
చీటీ మడిచి చేతిలో పెట్టాడట.
తీసుకుంది. నవ్వింది.
చాటుగదిలోకి వెళ్లి ఏం చేసిందో
నలభై ఏళ్లయినా ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

నాకూ తెలీదు.
నేను కవర్లు విప్పేదాన్ని మాత్రమే.
నేను పాఠం చెప్పిన గదే, పిల్లల బల్లలే,
కిందికి మోకాళ్లు దూరవు.
తొమ్మిది ఎన్నికలుగా అదే పెట్టె,
మూడొందల చిల్లర కవర్లు,
సొరబుర్రలో మాతే చేతులు మారుతూ ఉంటుంది,
ఎరుపూ తెలుపూ ఒకే గొట్టంతో పీలుస్తారు.

కార్ఖానా మూసిన ఏడాది
పట్టాలవతలి ఓట్లు నలభై తగ్గాయి.
ఊరి మనసు మారిందన్నాడు రేడియోలో ఒకాయన.
మనసు కాదు నాయనా, అడ్రసు.
ఆ నలభై మందీ నది దాటి
ఇంకో దేశంలో ఇటుకలు మోస్తున్నారు.

ఇక తొమ్మిది వందల పన్నెండో నంబరు చీటీ.
ఆ పార్టీకి ఒకప్పుడు బ్యాండుమేళం ఉండేది.
ఇప్పుడు ఆఫీసులో ఇద్దరే మిగిలారు,
అందులో ఒకటి పిల్లి.
మా పెట్టెలో దానికి ప్రతిసారీ
ఒక్క ఓటు.
నాలుగు మడతలు, మడత మీద గోటితో గీసిన గీటు,
తోలు మడిచేవాడు మడిచినట్టు.
"ఒకటి" అంటాను నేను.
"జీనులవాడు బతికే ఉన్నాడన్నమాట"
అంటాడు ఎరుపు ఏజెంటు వాషింగ్టన్ ఎచెవెరి.
అందరూ నవ్వుతారు. రహస్య ఓటింగు!

జీనులు కుట్టే ఎర్మోహెనెస్ బిదార్త్
ఈ జూలై చలిలో పోయాడు.
గుర్రాలు పోయిన చాన్నాళ్లకి.

అక్టోబరులో నా వంతొచ్చి చాటుగదిలోకి వెళ్లాను.
దొంతర్లు దొంతర్లుగా చీటీలు.
నా చీటీ ఏదో నాకు తెలుసు,
అమ్మ చెయ్యి పట్టుకుని నడిచిన రోజుల్నుంచీ తెలుసు.
మూలన తొమ్మిది వందల పన్నెండు కట్ట
దారం కూడా విప్పలేదు.
రాత్రికి నేను "సున్నా" అని చదవాలి.
సున్నా చదవడం నాకు కొత్త కాదు,
ముప్పై ఏళ్లు పిల్లల కాగితాల మీద వేసినదాన్ని.
అయినా దారం ముడి విప్పాను.
ఒకటి తీశాను.
అమ్మా, క్షమించు.

రాత్రి, బల్బు కింద, పదిహేడో కవరులో
నా మడత నాకు కనిపించింది.
నాలుగు మడతలు వంకరగా, గీటు లేకుండా.
"ఒకటి" అన్నాను. గొంతు వణకలేదు.
వాషింగ్టన్ నవ్వలేదు.
సొరబుర్రలో వేణ్ణీళ్లు పోస్తూ పోస్తూ
పొంగించేశాడు.

రెండొందల దాకా వచ్చాక ఇంకొకటి.
నాలుగు మడతలు.
మడత మీద గోటి గీటు.

ఎవరూ మాట్లాడలేదు.
నేను బల్ల చుట్టూ ఉన్న చేతులకేసి చూశాను,
గోళ్లకేసి.
అందరూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

లెక్కల కాగితంలో ఎప్పుడూ ఒంటిగా ఉండే గీత పక్కన
ఇంకో గీత గీశాను.
జీనుకి రెండు రికాబుల్లా ఉన్నాయి.

మా పెట్టెలో తెలుపు పదకొండు ఓట్లతో ముందుంది.
రేడియోలో అదొక్కటే చెప్పారు.