ఉల్లిగడ్డ వద్దు

ఆర్డర్ కింద నోట్ ఉంది:
కమ్ ఫాస్ట్, ఐయామ్ ఫామిష్డ్.

కమ్ తెలుసు. ఫాస్ట్ తెలుసు,
మూడేండ్ల సంది అది నా ఇంకో పేరు.
ఆఖరుది తెల్వదు.
చేపల కూర కావచ్చనుకున్న,
బిల్లు చూస్తే మటన్ మందీ.

షార్జా, అల్ నహ్దా, ఆగస్టు, పగటీలి రెండు.
హెల్మెట్ తీస్తే నెత్తిల నుంచి ఆవిరి.
వీపు మీది డబ్బాల నెయ్యి వాసన
మెడవట్టి ఎనుకకు గుంజుతున్నది.
పొద్దుగాల ఒక చాయ్, రెండు ఖుబ్బూస్ తిన్న.
కాదు, ఒకటే.
రెండోది మా అక్కకు ఫోన్ల చెప్పేది.

గేటుకాడ ఖిమ్‌లాల్‌ను అడిగిన.
నేపాలోడు, మూడు భాషలల్ల సలాం కొడతడు.
"హంగ్రీకి బడే భాయ్" అన్నడు.

సర్వీస్ లిఫ్టు దిగొచ్చేదాక
ఎంత పెద్దదో లెక్క వెట్టిన.
ముందు ఆకలి.
ఎనుక నకనక.
ఆ ఎనుక పేగులు అరుసుడు.
దాన్ని దాటినంక ఎవ్వరూ ఏమనరు.
మక్కగట్క కలుపుకుంట మా నాయినమ్మ
కరువు ముచ్చట ఎన్నిసార్లు చెప్పిందో,
గండ్ల ఆకలి అన్న మాట
ఒక్కసారి రాలే.

పదహారో అంతస్తు.
పన్నెండేండ్ల పిలగాడు తలుపు తీసిండు,
మెడల హెడ్‌ఫోన్లు, నోట్లె చిప్సు.
"ఫైనల్లీ" అన్నడు.
ఆ మాట నాకు తెలుసు.

రాత్రి రూముల లింబాద్రి సార్‌ను అడిగిన.
కోరుట్లల ఇంగ్లీషు ట్యూషన్ చెప్పినోడు,
ఈడ గోదాంల కార్టన్లు లెక్కవెడతడు.
పై బంకు మీదికెళ్లి వంగి చూసిండు:
"దాని కడుపుల కరువున్నదిరా.
చివరికి 'డ్' అన్నది చూడు,
అది నువ్వు చేసింది కాదు,
నీకు ఎవరో చేసింది."

"ఎవరు చేసిన్రు సార్?"

సార్ లైటు బంద్ చేసిండు.

చీకట్ల ఇంకోటి తట్టింది.
వాళ్లు ఐయామ్ అంటరు,
నేనే అది అన్నట్టు.
మనకు ఆకలైతది,
సలి వెట్టినట్టు, యాది వచ్చినట్టు.
మనకు అయితది గని మనం అది కాము.
వస్తది, కూసుంటది,
ఏదన్న పెడితె లేచి పోతది.
పెట్టకున్నా దాని పేరు వేరే, నా పేరు వేరే.
గీ మాట సార్‌కు చెప్దామంటె
అప్పటికే గురక.

శుక్కురారం జీతం వడ్డది,
రెండు నెలలది ఒక్క నెల లెక్కన.
ఏడుగురం కలిసి బగారన్నం వండినం.
సార్ నా పళ్లెంల గంటెడు ఎక్కువ వేసి
"కరువుదీర తిను" అన్నడు.

చెయ్యి ఆగింది.
మన మాట కడుపుల కూడ కరువే ఉన్నది,
ఇన్నేండ్లు తింటనే ఉన్న, చూడలే.
కాకపోతే మనది
తీరుడుతోని అయిపోతది.

మొదటి ముద్ద నోటికాడికి రాంగ
ఫోన్ టింగుమన్నది.
కొత్త ఆర్డర్, రెండు కిలోమీటర్లు.
నోట్: ఉల్లిగడ్డ వద్దు.