సీసపు రేకు

బాత్ స్టేషన్లో దిగి పది నిమిషాలైనా కాలేదు,
హైమ కుడిచేతి గ్లౌజు పోయింది.
ఎర్ర ఉన్నిది. పక్కింటి ఐరీన్ అల్లిచ్చింది,
బొటనవేలి దగ్గర ఒక కుట్టు జారిపోయి.
తెచ్చియ్యి, సరిచేస్తానని వారం వారం అంటూనే
నవంబరులో వెళ్లిపోయింది ఐరీన్.

"రైల్లోనే చూసుకోమన్నాను కదా" అన్నాను.
ముప్పై రెండేళ్ల కాపురంలో
అనకూడదని తెలిసీ అనే మాటల్లో
అది మూడోదో నాలుగోదో.

ఇక అక్కడినుంచి మేం చూసింది రెండు ఊళ్లు.
నాది పైన:
తేనెరంగు రాయి, అర్ధచంద్రాకారపు మేడల వరస,
వంతెన మీదే కాపురం పెట్టిన కొట్లు.
హైమది కింద:
బెంచీల కాళ్లు, చెత్తబుట్టల అంచులు,
పర్యాటకుల బూట్లు.
పెద్ద చర్చి గోడకి రాతి దేవదూతలు నిచ్చెనలెక్కుతున్నారు.
ఒకడు మాత్రం తలకిందులుగా దిగుతున్నాడు.
"వాడూ ఏదో పారేసుకున్నట్టున్నాడు" అన్నాను.
నవ్వలేదు.

రోమన్ల స్నానఘట్టం.
పసరు రంగు నీళ్లు, పైన ఆవిరి.
రెండు వేల ఏళ్లుగా
ఎవరూ పొయ్యార్పని కాగు.
చెవికి చెరో యంత్రం ఆనించుకుని
ఒకే గొంతు వింటూ
వేరువేరు గదుల్లో తిరిగాం.

ఒక అద్దాల పెట్టె ముందు ఆమె ఆగిపోయింది.
సీసపు రేకులు. అరచేతిలో పట్టేవి.
దొంగని తిడుతూ గీకి, చుట్టచుట్టి,
దేవత చూసుకుంటుందని బుగ్గలోకి విసిరినవి.
మగవాడు కానీ, ఆడది కానీ, బానిస కానీ,
నా దుప్పటి తీసినవాడికి నిద్ర పట్టకూడదు.
ఎవడో పెద్దమనిషికి గ్లౌజులు పోయాయట,
తీసినవాడి మతీ కళ్లూ పోవాలట.
"రెండూ పోయాయిట!" అంది హైమ.
రెండు గంటల తర్వాత మొదటి మాట.

"మా నాగరత్తమత్త గుర్తుందా?
కోడిపెట్ట పోతే వీధి మలుపులో కొంగు దోపి
'నా పెట్టని తిన్న నోట పురుగులు పడ' అని
పొద్దుగూకేదాకా ఆగేది కాదు.
ఆవిడకి లాటిన్ వచ్చన్నమాట!"

వాళ్లలో కొందరు అక్షరాలు తిరగేసి రాశారట,
మనుషులకి అందకుండా.
హైమ తిరుగు ప్రయాణం టికెట్ వెనక ప్రయత్నించింది.
గుడులూ కొమ్ములూ ఎదురు నడవనన్నాయి.
సరే, తిన్నగానే మొదలుపెట్టింది:
నా ఎర్ర గ్లౌజు తీసినవాళ్లకి
కళ్లు
అని రాసి, ఆగి, కొట్టేసింది.
చివరి ఏడు ఐరీన్ కుట్లని వేలితో తడిమి లెక్కపెట్టేది.
మతి అని రాసి అదీ కొట్టేసింది.
ఎందుకని నేనడగలేదు.
ఆఖరికి మిగిలింది:
వాళ్ల చెయ్యి చల్లగా ఉండ.

"అది దీవెన కాదుటే?"
"మన ఊళ్లో. ఇక్కడ జనవరిలో కాదు."

బయటికొస్తూ కుళాయి దగ్గర ఆ నీళ్లు తాగాం.
గోరువెచ్చగా, తాళంచెవి నాకినట్టు.
ఆమె మొహం చూసి నేనూ, నా మొహం చూసి ఆమే.

స్టేషన్ దారిలో ఇనప కమ్మీ మొనకి
ఎవరో తగిలించిన ఒంటి గ్లౌజు, వేళ్లు పైకెత్తి.
పరిగెత్తాం.
బూడిదరంగుది. చంటిపిల్లది.
హైమ దాని వేళ్లు సరిచేసి
గాలికి పడకుండా లోపలికి తొడిగింది.
ఆ తర్వాత అడక్కుండానే
తన కుడిచెయ్యి తెచ్చి నా కోటు జేబులో పెట్టింది.
చల్లగా ఉంది.

స్విండన్ ఇంకా రాలేదు, టికెట్లడిగాడు కుర్రాడు.
తిప్పి చూశాడు, గుండ్రటి రాతని,
రెండు కొట్టివేతల్ని.
ఏమనుకున్నాడో,
జాగ్రత్తగా అక్షరాలు తప్పించి
ఒక మూల ముద్ర వేసిచ్చాడు.
అందుకునేప్పుడు తగిలాయి వేళ్లు.
"పాపం, ఎంత చల్లగా ఉన్నాయో" అంది హైమ,
తెలుగులోనే, వాడికేసి చూస్తూ.