ఇరవయ్యో రోజు

రావులపాలెం సెంటర్లో, టీ బడ్డీ పక్కన
అయిదూ ఇరవైకి గడియారం నొక్కుతాను.
మోరంపూడి కూడలి దాటాక మళ్ళీ నొక్కుతాను.
ఆ రెండు నొక్కుళ్ళ మధ్య ఉన్నదే నా ఉద్యోగం.

మొదటి నెల సగటు నలభై రెండు నిమిషాలు.
ఇంజనీరు గారు ముచ్చటపడ్డారు.
"మన రోడ్డు బావుందండీ శేషారత్నం గారూ."

బావుంది.
సగటు పెద్దమనిషి.
అరటిగెలల లారీ అడ్డం పడిన మంగళవారాన్నీ
వెన్నలా జారిపోయిన ఆదివారాన్నీ
ఒకే అరుగు మీద కూర్చోబెట్టి
రాజీ చేసి పంపేస్తాడు.
తగువు ఎవరిదో కాగితం మీద మిగలదు.

నా గళ్ళలో మాత్రం ఉంది:
ముప్పై ఏడు. ముప్పై తొమ్మిది. ముప్పై ఆరు.
తొంభై నాలుగు
(గౌతమి వంతెన మీద మంచు, ముందు బండి ఎర్రదీపం తప్ప లోకం లేదు).
ముప్పై ఎనిమిది.
నూట పదకొండు
(కడియపులంక దగ్గర చామంతి బుట్టల ఆటో, దాని వెనక మొక్కల లారీ,
దాని వెనక మేమందరం.
రోడ్డంతా పసుపు. తొక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు కాసేపు,
తర్వాత ఒప్పింది).

గెడ్డం ఏసుబాబు వ్యానులో ముందు సీటు నాది.
"రోడ్డు చెడ్డదైనా పర్లేదండి,
రోజూ ఒకేలా చెడ్డదైతే చాలు.
గంట పడతాదంటే గంట. సర్దుకుంటాం.
మాట మీద నిలబడని దాంతోనే చావండి, ఆయ్."
నెలరోజులు నేను లెక్క కట్టింది
గేరు మార్చేలోపు చెప్పేశాడు.

వెనక సీట్లో చెల్లుబోయిన వరహాలమ్మ.
సోమ, బుధ, శుక్రవారాలు.
ఏడింటికి ఆమె నెత్తురు కడిగే యంత్రం.
ఏడు దాటితే అది ఇంకొకరిది.
అందుకని నాలుగున్నరకే వెదిరేశ్వరంలో దీపం వేస్తుంది.
ఆరూ రెండుకి ఆస్పత్రి మెట్ల మీద ఉంటుంది, చాలా రోజులు.
ఏడు దాకా చెప్పులు చూసుకుంటూ.

రోజుకి ముప్పావు లీటరే తాగమన్నారట.
సంచిలో స్టీలు గ్లాసు, లోపల గోటితో గీసిన గీత.
వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకుంటుంది.
కింద అంత గోదారి.

చామంతుల రోజు ఏడూ పదకొండు అయ్యింది.
లోపలికి వెళ్ళి, వెంటనే బయటికి వచ్చింది.
ఎవరినీ ఏమీ అనలేదు.
మర్నాటికి మొహం ఉబ్బింది.

గురువారం ఆఫీసులో లక్ష్యం ఖాయం చేశారు:
ఇరవై ప్రయాణాల్లో పందొమ్మిది
అరవై నిమిషాల లోపు.
మంచి లక్ష్యమే. నేనూ తలూపాను.
వ్యానులో సంబరంగా చెప్పాను కూడా.

వరహాలమ్మ కాసేపు వేళ్ళు మడిచింది.
"ఆ ఇరవయ్యోది ఏ వారం వస్తదండి?
ముందే చెబితే
ఆ పూట పడుకుంటాను కదా."

ఏసుబాబు నవ్వబోయి హారన్ కొట్టాడు.
ముందు ఎవరూ లేరు.

వారానికి మూడు ప్రయాణాలు.
ఏడో వారంలో ఆమెకొకటి తగులుతుంది.
లెక్క నాకు తెలుసు, రోజు తెలీదు.
అదెవరికీ తెలీకపోవడమే నేను కొలుస్తున్నది
అని ఆమెకెలా చెప్పను?

శుక్రవారం గడియారం రావులపాలెంలో నొక్కలేదు.
తెల్లారకముందే వెదిరేశ్వరం వెళ్ళి
ఆమె కిటికీలో దీపం వెలిగినప్పుడు నొక్కాను.
నర్సు పేరు పిలిచినప్పుడు ఆపాను.
నూట యాభై మూడు నిమిషాలు.
అందులో రోడ్డు తిన్నది నలభై ఒకటే.
మిగతాది భయం తిన్నది.

కాగితం తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో:
"మన రోడ్డు పరిధిలోనిది కాదు. మళ్ళీ కొలవండి."

కొలుస్తాను.
ఇవాళ సోమవారం. అయిదూ ఇరవై.
జొన్నాడ వైపు మంచు దిగుతోంది.
ఏసుబాబు అద్దం తుడుస్తున్నాడు, చొక్కా చేతితో.
వెనక ఆమె సంచిలో గ్లాసు
ఒకసారి దేనికో తగిలి మోగింది.