దుమ్ము లెక్క

గుంటూరు మిర్చి యార్డు దాటేసరికి
కమిటీ కారులో అందరం తుమ్మాం.
యూనివర్సిటీ గేటు దగ్గర బొకేలు,
తర్వాత అరవై మూడు స్లైడ్లు.
అయిదేళ్ల ఐటీ ప్రణాళిక, అమలు తొంభై రెండు శాతం.
తెర మీద పచ్చ బాణాలన్నీ పైకే.

ల్యాబు చూస్తామన్నాం.
తాళంచెవి కోసం మస్తాన్‌వలి
స్కూటరేసుకుని ఎటో వెళ్లాడు.

వరండాలో చీపురాపి సైదమ్మ అంది:
"నలభై పెట్టెల గదేనా సారూ?
ఏడింటికే మీటల మీద దుమ్ముండదు.
మిగతావి నేనే తుడుస్తా, వారానికోసారి.
గోడకున్న ఆ పెద్ద తెల్లపలక
మూడేళ్లనించీ కవరు తియ్యలా.
పిల్లలంతా మెట్ల మలుపు కాడే,
సిగ్నలు అక్కడే తగులుద్దంట."

తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంది.
ఎవరూ అడగలేదట.

నా ఫారంలో 'ఆధారం' అని ఒక గడి,
కింద చిన్నక్షరాల్లో: పత్రం జతచేయాలి.
పదకొండో కీబోర్డు మీద
చూపుడువేలితో ఒక గీత గీశాను.
వేలికంటింది
ఎక్కడ జతచేయను?

తొంభై రెండు దగ్గరే టిక్కు పెట్టి,
జీడిపప్పు పొట్లం అందుకుని బయల్దేరాం.

తిరుగుదారిలో మళ్లీ తుమ్మొచ్చింది నాకు.
యార్డు ఇంకా రానేలేదు.